మార్కులు లేని పరీక్షలు పెట్టండి

సంపాదకులకు,

గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద ఇద్దరు ఎంబీబీఎస్ విద్యార్థినులు అద్దెకుంటున్నారు. అర్ధరాత్రి దాకా చదువుతారు. పుస్తకాల్లో ప్రతి వాక్యం కిందా రంగు గీతలే. మొన్న పుస్తకం మూసి బ్రేకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక) బొమ్మ గీయమన్నాను. ఐదు రూట్లు, మూడు ట్రంకులు గీశారు. ఆ తర్వాత వచ్చే కార్డ్స్ అనే నరాల కట్టల దగ్గర చేతులు ఆగిపోయాయి. వాళ్ల కష్టంలో లోపం లేదు. చదివిన పేజీనే మళ్లీ చదివితే అంతా తెలిసినట్లే అనిపిస్తుంది, అంతే.

ఫిజియాలజీ బోధించి రిటైరయ్యాను కనుక చెబుతున్నాను. 2006లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ ప్రచురించిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం గడిచాక వారికి 42 శాతమే గుర్తుంది. పాఠం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారికి 56 శాతం. రెసిడెంట్ డాక్టర్లపై 2009లో వెలువడిన అధ్యయనంలో ఆరు నెలల తర్వాత కూడా ఇలాంటి తేడాయే కనిపించింది.

మన వైద్య కళాశాలల్లో పరీక్ష మార్కుల కోసమే. తరగతి చివర పది నిమిషాలు తెల్లకాగితం ఇచ్చి, విన్న పాఠం రాయించండి. మార్కులు వద్దు, పేర్లూ వద్దు. తప్పులు మాత్రం అక్కడే సరిదిద్దాలి, లేకపోతే అవే మనసులో నాటుకుంటాయి. వారానికోసారి, నెలకోసారి పాత ప్రశ్నలే మళ్లీ అడగాలి. ఇంత పెద్ద తరగతుల్లో ఎవరు దిద్దుతారని తోటి అధ్యాపకులు అడుగుతారు. జవాబులు బోర్డు మీద రాసి, పక్కవారితో కాగితాలు మార్పించండి, చాలు.

– విశ్రాంత ఫిజియాలజీ అధ్యాపకురాలు, బ్రాడీపేట, గుంటూరు