కిరాయి పెంచే ముందు మూడు నెలల గడువైనా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో కిరాయి ఇళ్లలో ఉండే కుటుంబాలకు జూన్ నెల ఎంత భారమో పాఠశాల ఫీజుల మీద వచ్చే వార్తల్లో కొంత కనిపిస్తుంది. అదే నెలలో మీద పడే కిరాయి పెంపు మాత్రం ఎవరి చర్చలోకీ రాదు. పిల్లల బడులు తెరిచాక ఎవరూ ఇల్లు మారడానికి సాహసించరు. ఆ వెనకే ఆషాఢం వస్తుంది. శూన్యమాసంలో కొత్త ఇంట్లో పాలు పొంగించే ఆచారం లేదు. కిరాయిదారు ఎటూ కదలలేని సమయం అది. పెంపు కబురు కూడా సరిగ్గా అప్పుడే, పది పదిహేను రోజుల ముందు, నోటిమాటగా వస్తుంది.

మా కుటుంబం సంగతే చెబుతాను. నా భర్త జీడిమెట్లలో ఒక చిన్న పరిశ్రమలో స్టోర్స్ చూస్తారు. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఇద్దరి జీతాలు కలిపితే నెలకు 38,000 రూపాయలు; చిన్న ప్రైవేటు బడుల్లో చాలాచోట్ల జరిగేటట్లే నాకు మే నెల జీతం ఉండదు. మూసాపేటలో మేముండే పోర్షన్‌కు మొన్నటి వరకు 12,000 రూపాయలు కట్టేవాళ్లం. మే చివరి వారంలో ఇంటి యజమాని మెట్ల దగ్గర ఎదురుపడి, వచ్చే నెల నుంచి పద్నాలుగున్నర వేలు ఇవ్వాలని చెప్పారు. జీతం రాని నెల, పుస్తకాలు, యూనిఫారాలు కొనాల్సిన నెల, కిరాయి పెరిగే నెల ఒకదాని మీద ఒకటి రావడం గోరుచుట్టు మీద రోకటి పోటు వంటిదే.

ఇల్లు పొదుపుగా నడుపుకోవాలని చెప్పేవారు కిరాయి ఆదాయంలో మూడో వంతు దాటకూడదంటారు. మా కిరాయి ఇప్పుడు 38 శాతం. ఆ రెండున్నర వేలు ఎక్కడి నుంచి తెచ్చామో చెబితే ఇలాంటి ఇళ్లలో సర్దుబాటుకు ఎంత చోటుందో పాఠకులకు అర్థమవుతుంది. రోజూ తీసుకునే అరలీటరు పాల ప్యాకెట్లు రెండింటిలో ఒకటి మానేస్తే నెలకు తొమ్మిది వందలు మిగిలాయి. మా అత్తయ్యగారి బీపీ, షుగరు మాత్రలను డాక్టరుగారిని అడిగి జన ఔషధి కేంద్రంలో కొనడం మొదలుపెట్టాక నాలుగు వందలు తగ్గాయి. ఇది కిరాయి పెరిగినా పెరగకపోయినా అందరూ చేయదగిన పని. మిగిలిన పన్నెండు వందలు మా అమ్మాయి ఇంటర్ చదువు కోసం దాచే డబ్బులోంచి పోయాయి. నెలకు రెండు వేల చీటీ ముగిశాక మళ్లీ అంతే వేద్దామనుకున్నవాళ్లం, ఎనిమిది వందల రికరింగ్ డిపాజిట్‌తో సరిపెట్టుకున్నాం. వచ్చే ఏడాది మళ్లీ పెంచితే వంటింట్లో తగ్గించడానికి ఇక ఏమీ లేదు.

ఇల్లు మారవచ్చు కదా అని అడిగేవారు ఉంటారు. మేమూ ఆ లెక్క వేసుకున్నాం. ఖాళీ చేస్తే గోడలకు రంగులు వేయించాలంటూ అడ్వాన్సులోంచి ఒక నెల కిరాయి, అంటే 12,000, పట్టుకుంటారు. కొత్త ఇల్లు చూపించిన మధ్యవర్తికి సగం నెల కిరాయి, ఆరు వేలు. సామాను తరలించే వాహనానికి, మోసేవాళ్లకు నాలుగున్నర వేలు. మొత్తం 22,500 తిరిగి రాని ఖర్చు. ఎక్కడో 12,000కే ఇల్లు దొరికి నెలకు 2,500 మిగిలినా ఈ సొమ్ము పూడడానికి తొమ్మిది నెలలు పడుతుంది. ఒప్పందం పదకొండు నెలలకే ముగుస్తుంది కాబట్టి, ఆపై మరో రెండు నెలలకే కొత్త యజమాని పెంపు మాట ఎత్తుతారు. పాత అడ్వాన్సు చేతికి రాకముందే కొత్త ఇంటికి రెండు నెలల అడ్వాన్సు ఇవ్వాలి; దానికి చేబదులో, బంగారం మీద అప్పో తప్పదు. దూరంగా వెళితే పెరిగే పెట్రోలు ఖర్చు, మారే పిల్లల బడి ఈ లెక్కలో చేర్చనే లేదు.

ప్రభుత్వ పథకాలు మాలాంటివారికి అందవు. తెల్ల రేషన్ కార్డుకు పట్టణాల్లో ఆదాయ పరిమితి ఏడాదికి రెండు లక్షలు. మేము ఏటా కట్టే కిరాయే 1,74,000 రూపాయలు. కార్డు లేకపోవడంతో సన్నబియ్యం లేవు, 500 రూపాయల సిలిండర్ లేదు, గృహజ్యోతి కింద 200 యూనిట్ల ఉచిత కరెంటు లేదు. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం ఒక్కటే మా ఇంటికి నిజంగా అందిన ఊరట, దానికి నేను కృతజ్ఞురాలిని. కరెంటు విషయంలో మరో అన్యాయం కూడా ఉంది. మా భవనంలో పోర్షన్లన్నింటికీ విద్యుత్ సంస్థ మీటరు ఒక్కటే. లోపల యజమాని పెట్టిన సబ్‌మీటర్ల మీద యూనిట్‌కు తొమ్మిది రూపాయలు వసూలు చేస్తారు. మేము నెలకు వాడే 110 యూనిట్లకు 990 రూపాయలు అవుతోంది. మాకే సొంత మీటరు ఉంటే మొదటి వంద యూనిట్లకు 3.40 చొప్పున, పై పదింటికి 4.80 చొప్పున లెక్కగట్టి, ఇతర ఛార్జీలు కలిపినా ఐదారు వందల్లో తేలిపోవాలి. కార్డు ఉన్న కుటుంబాలు ఇలాంటి భవనంలో ఉంటే అందరి వాడకం ఒకే మీటరులో కలిసి 200 యూనిట్లు దాటిపోతుంది, ఉచితం వర్తించకుండా పోతుంది.

చట్టం ఏమంటుందో తెలుసుకుందామని ఒక న్యాయవాదిని అడిగాను. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో చేసిన భవనాల కిరాయి నియంత్రణ చట్టం ఉంది. 2005 సవరణతో కార్పొరేషన్ల పరిధిలో నెల కిరాయి 3,500 రూపాయలు దాటిన భవనాలను దాని నుంచి మినహాయించారు. నేడు ఈ నగరంలో 3,500 రూపాయలకు ఒక కుటుంబం ఉండగలిగే ఇల్లు ఎక్కడ ఉంది? రక్షణ కోసం చేసిన చట్టం రక్షణ అవసరమైన వాళ్లెవరికీ తగలకుండా పుస్తకంలో ఉండిపోయింది. కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా కిరాయి చట్టం ఇంతకంటే ఎంతో మెరుగు. అందులో నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించకూడదు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. కిరాయి సవరించాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలి. వివాదం వస్తే నీళ్లు, కరెంటు ఆపరాదు. గోడలకు సున్నం, తలుపులకు, కిటికీలకు రంగులు వేయించడం యజమాని బాధ్యతల జాబితాలోనే ఉంది. ఇక్కడ అడ్వాన్సులోంచి నెల కిరాయి కోసుకుంటున్నది ఆ పనికే. అయితే కిరాయి రాష్ట్రాల పరిధిలోని అంశం. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప ఈ నమూనా మాకు అక్కరకు రాదు. పొరుగున ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త కిరాయి చట్టం చేసుకుంది.

కిరాయి అసలు పెంచవద్దని నేను అడగడం లేదు. బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టి ఆ కిరాయితోనే వాయిదాలు కట్టుకునేవారు, పెన్షన్ లేక కిరాయి మీదే బతికే పెద్దవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. నమూనా చట్టం కూడా కిరాయికి గరిష్ఠ పరిమితి పెట్టలేదు. అడిగేదల్లా ఎంత పెరుగుతుందో, ఎప్పుడు పెరుగుతుందో ముందుగా తెలియాలని. మార్చిలోనే చెప్పి ఉంటే చీటీ డబ్బు చేతికొచ్చినప్పుడు జూన్ కోసం కొంత పక్కన పెట్టుకునేవాళ్లం. లేదా వేసవి సెలవుల్లోనే ఇల్లు వెతుక్కుని, పిల్లలను కొత్త బడిలో మొదటి రోజు నుంచే చేర్పించేవాళ్లం.

చట్టం వచ్చేలోగా నాలాంటి కిరాయిదారులకు ఒక మాట. ఒప్పందం రాసుకునేటప్పుడే ఏటా పెంపు ఎంత శాతమో అందులో రాయించుకోండి. దిగేటప్పుడు యజమానిలో ఉన్న మెత్తదనం తర్వాత ఉండదు. కిరాయి బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపండి. ఇంట్లో దిగిన రోజే గోడల ఫొటోలు తీసి యజమానికి పంపి ఉంచండి, రంగుల ఖర్చు దగ్గర అవి పనికొస్తాయి.

రాష్ట్ర ప్రభుత్వం 3,500 రూపాయల పరిమితిని తొలగించి, నమూనా చట్టంలోని మూడు నెలల గడువు, అడ్వాన్సు పరిమితి, మరమ్మతుల బాధ్యత నిబంధనలతో కొత్త కిరాయి చట్టం తేవాలని కోరుతున్నాను. కిరాయికి ఇచ్చే ప్రతి పోర్షన్‌కు విడి విద్యుత్ మీటరు తప్పనిసరి చేయాలి. ఇది చట్టం కోసం ఆగాల్సిన పని కాదు, విద్యుత్ పంపిణీ సంస్థ ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక కిరాయిదారు, మూసాపేట, హైదరాబాద్