గోలీలు ఇయ్యనన్న అన్నకు, ఇంకా కొందరికి

పోయిన ఏడు దసరా వెళ్లినాక, వరంగల్ ఏనుమాముల మార్కెట్లో పత్తి కాంటాలు నడుస్తుండగా నాకు ఒక్కసారిగా గుండెదడ మొదలైంది. చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. ఇక్కడే పోతానేమో అనుకున్నాను. హమాలీ అన్నలు ఇద్దరు ఆ పూట కూలి వదులుకొని నన్ను ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. ఈసీజీ తీసి గుండె బాగానే ఉందన్నారు. ముందుగా ఆ ఇద్దరికీ దండం.

గుండె బాగానే ఉన్నా ఆ దడ మళ్లీ మళ్లీ వచ్చేది. నేను అడ్తి దుకాణంలో గుమస్తాను, సీజన్‌లో మార్కెట్‌కు పోకపోతే ఇల్లు గడవదు. మా చుట్టం ఒకాయన, తనకు డాక్టర్ రాసిచ్చిన, గాబరా తగ్గించే ఆల్‌ప్రాజోలం గోలీలు కొన్ని నాకు ఇచ్చాడు. నా బాధ చూడలేకనే ఇచ్చాడు, ఆయన మీద నాకు కోపం లేదు. వేసుకున్న కాసేపటికే నిమ్మళమయ్యేది. తర్వాత అక్కడా ఇక్కడా కొనుక్కున్నాను. నాలుగు నెలల్లో ఒకటి కాస్తా రెండయింది. చొక్కా జేబులో గోలీల షీట్ లేకుంటే గడప దాటేవాణ్ణి కాదు.

ఫిబ్రవరిలో హన్మకొండలో ఒక మెడికల్ షాపుకు పోయి అడిగితే ఆ అన్న ఇయ్యనన్నాడు. "చీటీ లేకుండ ఇచ్చే గోలీ కాదు తమ్మీ ఇది. ఎవరు రాసిండ్రో, ఎవరికిచ్చిన్నో రిజిస్టర్‌ల రాసుకోవాలె" అన్నాడు. షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో ఉన్న ఇలాంటి మందులకు ఆ లెక్క ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నాకు కోపం వచ్చింది. "వద్దులే, రేపటి నుంచి అసలే బంద్ చేస్తా" అన్నాను. ఆ మాటకు ఆయన కౌంటర్ దాటి బయటికి వచ్చాడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఎన్నాళ్ల నుంచి, రోజుకు ఎన్ని అని అడిగాడు. "ఒక్కసారే బంద్ చేస్తే కొందరికి ఫిట్స్ గూడ వస్తయ్. నీ అంతట నువ్వు ఆపకు" అని చెప్పి, తనే మానసిక వైద్యుల దగ్గరికి ఫోన్ చేసి అదే సాయంత్రానికి నాకు నంబర్ రాయించాడు. ఆ రోజు ఆయన ఒక షీట్ ఇచ్చి పంపి ఉంటే నేను ఇంకో నాలుగు నెలలు అట్లాగే గడిపేవాణ్ణి.

డాక్టర్ గారు అడిగిన వాటిలో "కల్లు తాగుతవా?" అన్న ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది. ఆదివారం ఆదివారం తాగుతానన్నాను. మన దగ్గర కొన్నిచోట్ల కల్లులో ఈ ఆల్‌ప్రాజోలమే కలిపి పట్టుబడ్డ సంగతి చెప్పి, అట్లాంటప్పుడు నీ ఒంట్లోకి మొత్తం ఎంత పోతుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు అన్నారు. కలపకపోయినా ఈ గోలీ మీద కల్లు, మందు తాగితే మగత మీద మగత ఎక్కి ఊపిరి మందగిస్తుందట. కల్లు అదే రోజు మానేశాను. ఆదివారాలు నాకు సోడా తెప్పించి, ఒక్కసారి కూడా బలవంతం చేయని దోస్తులకు చాలా థ్యాంక్స్.

గోలీని కొన్ని వారాలకు ఒకసారి కొంచెం కొంచెం తగ్గిస్తూ, ఇంకోపక్క గాబరాకే వాడే ఎస్సిటాలోప్రామ్ అనే వేరే మందు మొదలుపెట్టారు. ఇది పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, మొదట్లో కడుపులో తిప్పినట్టు, గాబరా ఇంకా పెరిగినట్టు ఉండొచ్చనీ ముందే చెప్పారు. ఆరో రోజు సరిగ్గా అట్లాగే అయింది. ముందే చెప్పకపోతే ఆ రోజే మానేసేవాణ్ణి. (నా మోతాదు కావాలనే రాయడం లేదు. అది నాకు కుదిరిన లెక్క, ఇంకొకరికి కుదరదు.)

కౌన్సెలింగ్ మేడం గారి గురించి ఎంత చెప్పినా తక్కువే. మిర్చి సీజన్‌లో ఘాటుకు దగ్గు రావడం, ఊపిరి పట్టేయడం మా మార్కెట్లో ఎవరికైనా మామూలే. నేను మాత్రం దాన్ని "అదే వచ్చింది" అనుకొని బెదిరిపోయేవాణ్ణి. ఆ రెండింటినీ విడదీసి చూడడం ఆమె నేర్పారు. ఇంకో మాట కూడా అన్నారు: "భయమైనప్పుడల్లా గోలీ వేసుకొని కాంటా దగ్గర నిలబడితే, తట్టుకున్నది గోలీ అనే మీ మనసు రాసుకుంటుంది. మీరని రాసుకోదు." అందుకే ఆమె, డాక్టర్ గారు మాట్లాడుకొని, తగ్గించే గోలీని భయం వచ్చినప్పుడు కాకుండా రోజూ ఒకే టైముకు వేసుకోమన్నారు. జేబులో షీట్ పెట్టుకోవడం కూడా మాన్పించారు.

ఖాళీ జేబుతో పోయిన మొదటి రోజు నా నోట్‌బుక్‌లో ఉంది. 10:20కి దడ బాగా పెరిగింది. ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదులుతూ అక్కడే నిలబడ్డాను. దడ్వాయి తూకాలు చెప్తూనే ఉన్నాడు, నేను రాస్తూనే ఉన్నాను. 10:34కి తగ్గింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి కానీ ఒక్క బస్తా లెక్క తప్పలేదు. ఆ పేజీ చూసి మేడం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఇంట్లో నా భార్య గోలీలను బ్లేడుతో సగాలు, పావులు కోసి, చిన్న కాగితం పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద తేదీ రాసి, పిల్లలకు అందకుండా బీరువాలో పెట్టి తాళం వేసేది. ఒక్క రోజు మర్చిపోలేదు. ఒకనాడు రాత్రి రెండింటికి వణుకు వచ్చి నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చేసింది కూడా తనే. అది టెలీ మానస్ నంబర్, పైసలు కట్టేది లేదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. ఆ రాత్రి ఓపికగా మాట్లాడిన అక్క ఎవరో నాకు తెలియదు. అక్కా, మీరు చెప్పినట్టే పొద్దున్నే డాక్టర్ గారిని కలిశాను.

చివరి పావు గోలీ జూన్‌లో వేసుకున్నాను. ఎస్సిటాలోప్రామ్ ఇంకా నడుస్తోంది. బాగైనాక కూడా కొన్ని నెలలు వాడాలన్నారు, ఆపేది వాళ్లు చెప్పినప్పుడే.

మళ్లీ మార్కెట్‌కు పత్తి వస్తోంది. సద్దుల బతుకమ్మ నాడు నా భార్య మలీద ముద్దలు కట్టిస్తే మెడికల్ షాపన్నకు తీసుకుపోయాను. ఆయన డబ్బా పక్కన పెట్టి, ముందు నా చీటీ అడిగాడు. తేదీ చూశాడు, డాక్టర్ సంతకం చూశాడు, అప్పుడు షీట్ తీసి నా చేతిలో పెట్టాడు.