బ్రెన్ గన్ పుట్టిల్లు బ్రనో

సంపాదకులకు,

ఆర్యా!

మీ ఆదివారం సంచికలో రెండో ప్రపంచ యుద్ధపు ఆయుధాలపై వచ్చిన వ్యాసం బ్రెన్ గన్‌ను ఇంగ్లీషువారు కనిపెట్టిన తేలిక మెషిన్ గన్‌గా పేర్కొంది. సైన్యంలో ఉన్నన్నాళ్లూ దాన్నే మోసినవాణ్ణి కాబట్టి ఈ సవరణ రాయక తప్పడం లేదు.

ఆ పేరులోనే దాని జాతకం ఉంది. ‘బ్ర్’ అప్పటి చెకోస్లొవేకియాలోని బ్రనో నగరానిది, ‘ఎన్’ ఇంగ్లండ్‌లో తుపాకుల ఫ్యాక్టరీ ఉన్న ఎన్‌ఫీల్డ్‌ది. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన లూయీస్ గన్ పన్నెండు కిలోలు దాటిన బరువు, పైగా వేడెక్కిన బ్యారెల్‌ను చటుక్కున మార్చే వీలు దానికి లేదు. ఫ్రెంచివారి షోషా మెషిన్ గన్ మ్యాగజైన్ (తూటాలు పేర్చే పెట్టె) పక్కన తెరిచి ఉండటంతో బురద చేరి మొరాయించేది. ఆ అనుభవంతో 1920లలో ప్రతి దేశమూ ఒక్క జవాను మోసుకుని పరుగెత్తగల మెషిన్ గన్ కోసం వెతికింది. ఫ్రాన్సు 1924లో, రష్యా 1927లో కొత్త నమూనాలు తెచ్చాయి. వాత్స్లావ్ హోలెక్ బ్రనోలో రూపొందించిన 1926 నమూనా సుమారు తొమ్మిది కిలోలే. లాచ్ ఎత్తి, పిడి పట్టుకుంటే కాలుతున్న బ్యారెల్ క్షణాల్లో ఊడివస్తుంది. ఇంగ్లీషువారు పోటీ పరీక్షలు జరిపి, దాన్ని తమ .303 అంగుళాల తూటాకు అనువుగా మార్పించుకుని, 1937 నుంచి ఎన్‌ఫీల్డ్‌లో తయారుచేశారు. అంతకుముందే ఇండియన్ ఆర్మీ మరో తేలిక మెషిన్ గన్ అయిన వికర్స్-బెర్తియర్‌ను ఎంచుకుంది. అది బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైంది. వ్యాసంలో దాని ప్రస్తావనే లేదు.

మ్యాగజైన్ పైన ఉండటంతో బ్రెన్‌లో గురి చూసే సైట్లను ఎడమకు జరిపారు, అందువల్ల కుడి భుజం నుంచే పేల్చాలి. ఎడమచేతి వాటం వాడినైన నేను శిక్షణ ఇచ్చే ఉస్తాద్ చేత తిన్న తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

ఫొటో విషయం కూడా చెప్పాలి. .303 తూటా అడుగున అంచు ఉంటుంది కాబట్టి ముప్పై పేర్చేసరికి వరుస వంపు తిరుగుతుంది, బ్రెన్ మ్యాగజైన్ అరటికాయలా వంగి ఉండేది అందుకే. స్వాతంత్ర్యం తరువాత 7.62 మి.మీ. తూటాకు మార్చి మా చేతికిచ్చిన తుపాకికి అంచులేని తూటా వల్ల మ్యాగజైన్ దాదాపు నిటారుగా ఉండేది. మీరు వేసిన ఫొటోలో ఉన్నది ఆ నిటారు మ్యాగజైనే. దాని కింద ‘1940 నాటి బ్రిటిష్ బ్రెన్’ అని వేయడం పొరపాటు. సవరణతోపాటు వంపు మ్యాగజైన్ ఉన్న ఫొటోను కూడా ప్రచురించగలరని మనవి.

భవదీయుడు,
విశ్రాంత హవల్దారు,
కావలి, నెల్లూరు జిల్లా