రక్తం గొట్టానికి కూడా రిఫరల్ లెటర్ కావాలా మంత్రిగారూ?

గౌరవనీయులైన ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. ఇదివరకు మీకు ఒడియాలో రాశాం, ఇంగ్లీషులో రాశాం. సోమవారం గ్రీవెన్స్‌లో చేతికిచ్చాం, పోర్టల్లో ఎక్కించాం. చివరికి ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో అందులో లేదు. అందుకని ఈసారి తెలుగులో, నలుగురూ చదివేలా రాస్తున్నాను. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లం మీకు తెలియనివాళ్లం కాదు. ఎన్నికలొస్తే మైకులు మా వీధుల్లో తెలుగే మాట్లాడతాయి.

నేను సరిహద్దులోని ఓ చిన్న ఊళ్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. షుగరు, మలేరియా, హిమోగ్లోబిన్, రోజూ ఇవే. ఎప్పుడో ఒకనాడు స్లైడు మీద చూడకూడనిది కనబడుతుంది, లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ అనిపించేది. లీష్మన్ రంగు వేసి, నూనె చుక్క పెట్టి లెన్సు దించితే, పెద్ద పెద్ద కణాలు. కణం నిండా ఊదారంగు న్యూక్లియస్, అంచున పిసరంత నీలం. ఒక్కోసారి లోపల సన్నటి ఎర్రటి సూదులు. ప్లేట్‌లెట్లు వెతికినా దొరకవు. బయట బెంచీ మీద ఆ పిల్లాడి తండ్రి రసీదు పట్టుకుని కూర్చుని ఉంటాడు. ‘డాక్టరు గారికి చూపించు బాబూ, ఆలస్యం చెయ్యకు’ అంటాను. అంతకుమించి చెప్పే అధికారం నాకు లేదు. టెన్షన్ మాత్రం ఇద్దరికీ సమానమే.

అక్కణ్ణించి మొదలవుతుంది అసలు కథ. గోపబంధు కార్డు, అంటే మన రాష్ట్ర ఆరోగ్య పథకం కార్డు ఉంది. అయిదు లక్షలు, ఆడవాళ్లకైతే పైన ఇంకో అయిదు. కాదన్నవాళ్లు లేరు. కానీ కార్డు గీకాలంటే అడ్మిట్ కావాలి. అడ్మిట్ కావాలంటే జబ్బు పేరు కావాలి. పేరు తేలాలంటే ఎముక మజ్జ తీసి ఫ్లో సైటోమెట్రీ చెయ్యాలి, అంటే కణాల మీది గుర్తుల్ని మెషీన్‌తో చదివే పరీక్ష. ఆ పరీక్ష ఓపీలో చేయిస్తే కార్డు పని చెయ్యదు, డబ్బులు కట్టాలి. అడ్మిషన్‌కి ముందు మూడు రోజుల పరీక్షలు కూడా ప్యాకేజీలోనివే అని కాగితం మీద ఉంది, చదివాం. మావాళ్లకి పేరు తేలడానికే అంతకంటే ఎక్కువ పడుతోంది, ఆ మూడు రోజులూ ఎక్కణ్ణించి లెక్కపెట్టాలో ఏ కౌంటర్లోనూ చెప్పరు. ఒక కౌంటర్ వాళ్లు ‘ముందు రిపోర్టు తెండి’ అంటారు, రెండో కౌంటర్ వాళ్లు ‘ముందు అడ్మిట్ అవ్వండి’ అంటారు. మధ్యలో తండ్రి ఆటో అమ్ముకుంటాడు. అమ్మేవాడు తొందరలో ఉన్నాడని కొనేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

ఇక దూరం. మేం రైల్లో భువనేశ్వర్ పోవాలన్నా హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ మమ్మల్ని పార్వతీపురం, విజయనగరం తిప్పి, ఆంధ్రా అంతా చూపించి, పలాస దాటాక గానీ మళ్లీ ఒడిశాలో పెట్టదు. కటక్‌లో ఆచార్య హరిహర క్యాన్సర్ సంస్థ ఉంది, గొప్ప సంస్థే. మాకు విశాఖ అందులో సగం దూరం కూడా లేదు. అందుకే అందరూ విశాఖ పరుగెడతారు. చేతిలో ఉన్న రిఫరల్ కాగితం ఒడియాలో ఉంటుంది. అవతల కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి ఒడియా రాదు. ఒక్క లైను ఇంగ్లీషులో రాయమని మీ వాళ్లకి చెప్పడానికి కూడా జీవో కావాలా?

ఈ మధ్య ఒకాయన కొడుకు శాంపిల్ తనే పట్టుకెళ్లాడు. మజ్జ తీసినచోట గొట్టం చేతికిచ్చి, త్వరగా చేర్చమన్నారట. ఎలా పట్టుకెళ్లాలో చెప్పలేదు. పాడవకూడదని పాపం సోడా కొట్లో ఐసు కొని, టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో ఐసు, పై గిన్నెలో గొట్టం పెట్టి, రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఫ్లో సైటోమెట్రీకి గది వేడిమిలోనే ఉంచాలి, ఒకటి రెండు రోజుల్లో మెషీన్ ఎక్కాలి. ల్యాబులో వాళ్లు మూత తీసి చూసి, గడ్డలు కట్టింది, పనికిరాదు, మళ్లీ తియ్యాలి అన్నారు. మళ్లీ ఆ పిల్లాడి తుంటి ఎముకలో సూది.

ఆ గొట్టంలో ఏముంటుందో, ఎందుకంత తొందరో చెప్తాను, ఓపిక పట్టండి. మన ఒంట్లో ప్రతి కణం పైనా చక్కెర గొలుసులు ఉంటాయి, ప్రొటీన్లకీ కొవ్వులకీ అతుక్కుని. (టీలో వేసుకునే పంచదార కాదు. బ్లడ్ క్యాన్సర్ అనగానే మా వైపు పిల్లలకి బెల్లంముక్క కూడా మానిపిస్తున్నారు, అది వద్దని చెప్పే మనిషి కూడా లేడు.) వాటిలో సయాలిల్ లూయిస్ ఎక్స్ అని ఒకటి, నాలుగు చక్కెరల చిన్న ముక్క. మజ్జలోని సన్నటి రక్తనాళాల లోపలి గోడ మీద ఇ-సెలెక్టిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. చాలా చోట్ల వాపు వస్తేనే కనిపించే ఈ ప్రొటీన్ మజ్జ నాళాల్లో మాత్రం ఎప్పుడూ ఉంటుంది. రక్తంలో కొట్టుకుపోతున్న లుకేమియా కణం తన చక్కెరతో ఆ గోడని పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. అలా దొర్లుతూ నెమ్మదిస్తుంది. అక్కడ సీఎక్స్‌సీఎల్12 అనే సంకేతం తగిలితే దాని మీది ఇంటిగ్రిన్లు అనే పట్టుకునే ప్రొటీన్లు బిగుస్తాయి. కణం ఆగి, గోడ సందులోంచి మజ్జలోకి దూరుతుంది. కణాలు ఇలాంటి నాళాలనే ఏరుకుని చేరడం 2005లో ఎలుకల పుర్రె ఎముకలో మైక్రోస్కోపుతో చూశారు. మంచి కణాల దారీ ఇదే. మజ్జ మార్పిడిలో ఎక్కించిన మూలకణాలు మజ్జకి చేరేదీ ఇలాగే. లుకేమియా కొత్త రోడ్డేమీ వేసుకోలేదు, ఉన్న రోడ్డే వాడుకుంటోంది. మన శాఖకి ఆ పాటి తెలివి ఉంటే ఎంత బాగుండేది!

లోపలికి చేరిన కణాల్లో కొన్ని ఆ పట్టు ఆసరాతోనే కీమోని తట్టుకుంటాయని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఆ పట్టు విడిపించాలని యుప్రోలెసెలాన్ అనే మందు తయారుచేశారు. జబ్బు తిరగబెట్టిన రోగుల్లో చేసిన మూడో దశ ట్రయల్లో అది ఆయుష్షు పెంచినట్టు తేలలేదు, 2024లో ఆ ఫలితం వచ్చింది. అంత పెద్దవాళ్లకే కొరుకుడుపడనిదాన్ని మీరు తేల్చండని నేను అడగడం లేదు. కణం గోడ దాటడం మీ చేతిలో లేదు. గొట్టం బోర్డర్ దాటడం మీ చేతిలో ఉంది.

ఫ్లో సైటోమెట్రీ చదివేది కూడా చాలావరకు ఈ కణం పైగుర్తులనే. రిపోర్టులో సీడీ15 అని ఉంటుంది చూడండి, అది ప్రొటీన్ కూడా కాదు, అచ్చంగా చక్కెరే. ఆ గుర్తులు చదివితేనే ఈ లుకేమియా ఏ రకం, మైలాయిడా, లింఫోబ్లాస్టిక్కా, ఏ మందు మొదలెట్టాలి అన్నది తేలేది. ఇందాక చెప్పిన ఎర్రటి సూదులు కట్టలు కట్టలుగా ఉంటే ఏపీఎల్ అనే రకం అయ్యుండొచ్చు. దాంట్లో మొదటి రోజుల్లోనే రక్తం కారి ప్రాణం పోవచ్చు. సకాలంలో మందు పడితే చాలామంది బతికి బట్టకడతారు. ఆ పిల్లలు పోర్టల్లో స్టేటస్ చూసుకుంటూ కూర్చోలేరండీ.

డబ్బుల్లేవంటారా? 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే జబ్బు) మిషన్ మొదలెట్టాక కొండల మీద గూడేలకి కూడా కిట్లు వచ్చాయి, వేలిమీద చుక్క తీశారు, కార్డులిచ్చారు. మంచి పని, దండం పెడతాం. సికిల్ నొప్పుల్లో నాళం గోడకి రక్తకణాలు అతుక్కోవడంలోనూ ఈ సెలెక్టిన్ల కుటుంబానికే చెందిన పి-సెలెక్టిన్ చెయ్యి ఉంది. దాని అన్నదమ్ముడు ఇ-సెలెక్టిన్‌ని పట్టుకునే లుకేమియా దగ్గరకొచ్చేసరికి మీ దగ్గర వాహనం లేదు, పెట్టె లేదు, మనిషి లేడు. సికిల్ శాంపిల్‌కి దొరికిన జీపు లుకేమియా శాంపిల్‌కి ఎందుకు దొరకదో చెప్పండి.

అడిగేవి పెద్దవేం కావు. జిల్లాలో మజ్జ శాంపిల్ తీసుకునే ఏర్పాటు, దాన్ని సరైన పెట్టెలో అదే రోజు పంపే మనిషి. దగ్గర్లో విశాఖ ఉంటే విశాఖకే పంపండి, రాష్ట్రం పేరు చూడకండి. అడ్మిట్ అయినా కాకపోయినా ఈ ఒక్క పరీక్ష ఖర్చు కార్డులో పెట్టండి. కాగితం ఇంగ్లీషులో రాయించండి. శాంపిల్ పంపించండి అని మళ్లీ అడుగుతున్నాను, ఎందుకంటే ఇదివరకటి అర్జీల్లో చివర రాసింది ఎవరూ చదివినట్టు లేదు. జవాబు చెప్పే ఒక ఆఫీసరు పేరు, పని చేసే ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. రాత్రి పది తర్వాత కూడా ఎత్తాలి. మావాళ్ల బండి బయల్దేరేది అప్పుడే.

ఇట్లు,
సరిహద్దు జిల్లాలో ఒక ల్యాబ్ టెక్నీషియన్