మొదటి మునకకు ముందు జాగ్రత్తలు తెలుగులో చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో అండమాన్ విహారం గురించి వచ్చిన వ్యాసం ఇంటిల్లిపాదీ చదివాము. వ్యాసం బాగుంది. అయితే స్కూబా డైవింగ్ చేసేవారు వీపుకు తగిలించుకునేది ‘ఆక్సిజన్ సిలిండర్’ అని అందులో రెండు చోట్ల రాశారు. సంక్రాంతి సెలవుల్లో భార్యాబిడ్డలతో స్వరాజ్ ద్వీప్ వెళ్ళి, నలభై ఏడేళ్ళ వయసులో మొదటిసారి సముద్రంలో మునిగి వచ్చినవాడిని, అనంతపురంలో ఉన్నత పాఠశాల పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాడిని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ సిలిండర్‌లో అధిక పీడనంతో నింపేది మనం పీల్చే మామూలు గాలినే. అందులో ఆక్సిజన్ 21 శాతం మాత్రమే, మిగిలినదంతా దాదాపు నైట్రోజన్. శుద్ధమైన ఆక్సిజన్‌ను ఆరేడు మీటర్లకు మించిన లోతులో పీలిస్తే అది విషమై మూర్ఛ తెప్పించవచ్చు. ఇది మాట పట్టింపు కాదు. లోపల నైట్రోజన్ ఉందని తెలియనివారికి, మునిగి వచ్చిన వెంటనే విమానం ఎందుకు ఎక్కకూడదో ఎంత చెప్పినా బోధపడదు. నీటి ఒత్తిడికి శరీరంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా ఊపిరి ద్వారా బయటికి పోవాలి. అది పోకముందే పీడనం తక్కువగా ఉండే విమానంలో కూర్చుంటే, సోడా సీసా మూత తీసినప్పటిలాగా ఒంట్లో బుడగలు కట్టి, కీళ్ళ నొప్పులు మొదలుకొని పక్షవాతం దాకా రావచ్చు. అందుకే ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, అంతకు మించి మునిగితే కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలంటారు. మాకు యాత్ర కుదిర్చిన ఏజెంటు చివరి రోజు మధ్యాహ్నం రెండో మునక పెట్టి, మరునాడు పొద్దున్నే విమానానికి టిక్కెట్లు తీశాడు. పద్దెనిమిది గంటలు నిండవని గదిలో కూర్చుని లెక్క వేసుకున్నాకే తెలిసింది. డబ్బు పోయినా ఫరవాలేదని ఆ మునక మానుకున్నాము.

మొదటి మునక రోజు జరిగినది కూడా చెప్పాలి. ఒడ్డున ఒక కుర్రాడు ఇంగ్లీషులో ఉన్న ఆరోగ్య పత్రం చేతికిచ్చి, “అన్నింటికీ నో అని పెట్టండి సార్, టైమ్ అవుతోంది” అని హిందీలో తొందరపెట్టాడు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, జలుబు, గర్భం వంటివాటి గురించిన ప్రశ్నలవి. దేనికైనా అవునని రాస్తే, డాక్టరు సంతకం లేనిదే నీళ్ళలోకి దింపరాదు. నాకు రెండు రోజులుగా ముక్కు దిబ్బడగా ఉన్నా, చదవకుండానే సంతకం చేశాను. అది నా తప్పే. రెండు మీటర్ల లోతుకు వెళ్ళేసరికి కుడి చెవిలో సూది గుచ్చినట్లు నొప్పి పుట్టింది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవాలనీ, నొప్పి రాకముందే, ప్రతి మీటరుకూ అలా చేస్తూ పోవాలనీ హిందీలో చెప్పారట. నాకు సగమే అర్థమైంది. పైగా, కొంచెం పైకి రాగానే నొప్పి తగ్గడంతో, బాగానే ఉన్నానని చెప్పబోయి బొటనవేలు ఎత్తి చూపాను. నీళ్ళ కింద ఆ సైగకు పైకి పోదామని అర్థం. బాగున్నామని చెప్పాలంటే బొటనవేలు, చూపుడు వేలు కలిపి సున్నా చుట్టాలి. శిక్షకుడు తన బాధ్యతగా నన్ను పైకి తెచ్చి, చెవి సంగతి మళ్ళీ చేసి చూపించి, నెమ్మదిగా దింపాడు. ఈసారి ఎనిమిది మీటర్ల దాకా వెళ్ళగలిగాను. జలుబుతో మళ్ళీ దిగకుండా ఉండవలసిందని తర్వాత మా డాక్టరుగారు గట్టిగా మందలించారు.

అక్కడ చూసిన పగడపు దిబ్బలనూ, చేపలనూ వర్ణించను, మీ వ్యాసంలోనే అవి చక్కగా ఉన్నాయి. కదిరి నరసింహస్వామి గుడిలో చేతికి కట్టించుకున్న ఎర్ర దారం మాత్రం అంత లోతులో కాఫీ గింజ రంగుకు మారిపోయింది. నీరు ముందుగా పీల్చుకునేది ఎరుపునే అని పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పాను గానీ, నా మణికట్టు మీద చూసుకోవడం అదే మొదలు.

ముఖ్యంగా మన సీమవారికి చెప్పవలసిన మాట మరొకటి ఉంది. మాలో చాలామంది నడుముకు బెండ్లు కట్టుకుని దిగుడు బావుల్లో ఈత నేర్చినవాళ్ళమే. నీళ్ళలో పడితే ఊపిరి బిగబట్టమని పెద్దలు చెప్పిన మాట ఒంటికి పట్టేసింది. ఆ బావుల్లో అది సరైన మాటే, ఎందుకంటే ఒడ్డున నింపుకున్న గాలి లోపల కుంచించుకుపోయి, పైకి వచ్చేసరికి తిరిగి మునుపటంతే అవుతుంది. స్కూబాలో గాలిని లోతులోనే పీలుస్తాము. పది మీటర్ల లోతులో పీడనం గట్టు మీద ఉన్నదానికి రెట్టింపు. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే, ఆ గాలి రెట్టింపు చోటు వెతుక్కుంటుంది. సిరంజి మూతి వేలితో మూసి తరగతిలో చూపించే బాయిల్ నియమమే ఇది. ఊపిరితిత్తులు చిట్లడానికి పది మీటర్లు కూడా అక్కరలేదు, నిలువెత్తు నీరు చాలు. కాబట్టి అక్కడ మొట్టమొదటి నియమం ఊపిరి ఎప్పుడూ బిగబట్టకుండా పీలుస్తూ, వదులుతూ ఉండడమే. కంగారు పుట్టగానే మన శరీరం సరిగ్గా దీనికి విరుద్ధంగా పోతుంది. నేనూ రెండుసార్లు బిగబట్టాను, శిక్షకుడు నా ఛాతీ మీద తట్టి గుర్తు చేశాడు.

రాష్ట్రంలోనే అతి తక్కువ వాన పడే మా జిల్లాలో ఆ బావులు కూడా చాలావరకు ఎండిపోయి, ఈత రాని పిల్లలే ఎక్కువయ్యారు. మరోవైపు అండమాన్‌కూ, మన విశాఖ రుషికొండకూ వెళ్ళి మునిగి వస్తున్న కుటుంబాలు మా వీధిలోనే కనిపిస్తున్నాయి. వెళ్ళవద్దని నేను అనను. మా అమ్మాయి ఈ ఏడాది ఈత బాగా నేర్చుకుని, నాలుగు రోజుల శిక్షణ తీసుకుని, 18 మీటర్ల వరకు దిగే యోగ్యతాపత్రం సంపాదించాలనుకుంటోంది. నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

మన ఊళ్ళలో ఈ యాత్రలు అమ్మే ఏజెంట్లు డబ్బు కట్టించుకునే రోజే ఆరోగ్య పత్రాన్ని తెలుగులో ఇంటికి ఇచ్చి పంపాలి. అందులో ఉన్న జబ్బు ఉంటే డాక్టరును కలిసే వ్యవధి అప్పుడే దొరుకుతుంది. తిరుగు విమానాన్ని చివరి మునకకు ఒక రోజు ఎడంగా పెట్టాలి. పర్యాటక శాఖ ఈ రెండింటినీ నిబంధనగా చేస్తే మంచిది. మీ పత్రిక మటుకు, ఊపిరి, చెవి, సైగలు, విమానం అనే ఈ నాలుగు సంగతులను వచ్చే వేసవి సెలవులకు ముందే ఒక పావు పేజీలో బొమ్మలతో సహా వేయవలసిందిగా కోరుతున్నాను. ఆ బొమ్మలో సిలిండర్ మీద ‘గాలి’ అని రాయించండి.

భవదీయుడు,
ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం