నీ కుడిచెయ్యి ఎలా ఉంది?

చిట్టితల్లీ,

ఇక్కడ డాలస్‌లో అప్పుడే ఎండలు ముదిరాయి. కరివేపాకు మొక్కను బయట పెట్టాం, మూడు కొత్త రెమ్మలు వేసింది. అమ్మ గోంగూర పచ్చడి చేసి నీకో సీసా తీసి ఉంచింది. నువ్వు ఫోన్ చేసి మూడు వారాలైంది. నాష్‌విల్‌లో షోలు ఎక్కువున్నాయేమోలే అనుకున్నాం.

మొన్న బుజ్జత్త మాటల్లో, నీ కుడి మణికట్టుకు పట్టీ ఉన్న ఫోటో చూశానంది. ఏదో సరదాకి వేసుకుని ఉంటుందిలే అన్నాను.

సరే, నువ్వు పెడల్ స్టీల్ గిటార్ వాయించి పంపిన రికార్డింగ్ మళ్లీ విన్నాను. తీగల మీద ఉక్కు బార్ చక్కగా జారుతోంది, పెడల్స్ సరిగ్గా పడుతున్నాయి. వేగంగా వాయించే చోట మాత్రం బ్లాకింగ్‌లో, అదే మోగే తీగను ఆపడంలో, బిగువు వినిపించింది. స్వరాన్ని ఆపినట్టు లేదు, తెగ్గొట్టినట్టుంది. మీటి వదిలేస్తే పెడల్ స్టీల్ తీగ మోగుతూనే ఉంటుంది, పక్క తీగతో కలిసి గోలైపోతుంది. అందుకని అరచేతి అంచు, చిటికెనవేలి వైపుది, తీగల మీద వాలాలి. వాలాలంతే, నొక్కకూడదు. చెయ్యి కాస్త లేస్తూ మీటాలి, వెంటనే వాలిపోవాలి. చివరి రెండు వేళ్లూ లోపలికి మడుచుకో, పిడికిలి బిగించకు. పెడల్ స్టీల్ దిగ్గజం బడ్డీ ఎమ్మన్స్‌ను నువ్వు నాకంటే ఎక్కువే విన్నావు. 18 ఏళ్లకే మీ ఊరొచ్చిన మనిషి. ఎంత వేగంలోనైనా ఏ స్వరానికి ఆ స్వరం విడిగా పలుకుతుంది. అది చేతిని బిగిస్తే వచ్చేది కాదమ్మా.

నా సంగతి నీకు లీలగా గుర్తుండాలి. తెనాలి ఆర్కెస్ట్రాలో హవాయి గిటార్ వాయించిన ధైర్యంతో ఇక్కడ ఇ-నైన్ శ్రుతిలో ఉన్న పెడల్ స్టీల్ ముందు కూర్చున్నాను. నేర్పించిన పెద్దాయన నెలరోజులు ఒక్క తీగే మీటి ఆపమన్నాడు. నేను ఆగలేదు. ఒక శనివారం డాన్స్ హాల్లో వాయించడానికి ఒప్పుకున్నాను. స్వరాలు కలిసిపోతాయన్న టెన్షన్‌తో రాత్రంతా అరచేతిని తీగలకేసి అదిమే ఉంచాను. తెల్లారేసరికి మణికట్టు వాచింది. అమ్మకి చెప్పలేదు. మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ వడ్డించింది. కలుపుకోలేక చెంచా అడిగాను. ఒక్క మాట అనకుండా కంచం లాక్కుని, తనే కలిపి ముద్దలు పెట్టింది. ఎదురు కుర్చీలో కాళ్లూపుకుంటూ నువ్వు, నాన్న చంటిపిల్లాడయ్యాడని ఒకటే నవ్వు. తర్వాత ఆరు వారాలు గిటార్ మూత తీయలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ ఒక్క తీగతోనే మొదలుపెట్టాను.

నువ్వూ అలాగే చెయ్యి. తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 60లో పెట్టుకో. చేతి బరువుకే తీగ ఆగిపోవాలి. పిక్ బ్లాకింగ్ కూడా సాధన చెయ్యి, తర్వాతి స్వరం మీటేటప్పుడు వేలికి తొడుక్కున్న పిక్‌నే తీగ మీద ఆనించి పాత స్వరాన్ని ఆపడం. రెండూ చేతిలో ఉంటే పాటను బట్టి వాడుకోవచ్చు. కుర్చీ ఎత్తు చూసుకో. భుజాలు పైకి లాక్కోకు. నొప్పి ఉంటే మాత్రం ఇవేవీ వద్దు, ముందు డాక్టర్‌కి చూపించు. ఇన్సూరెన్స్ కార్డు నీ నీలం ఫైల్లోనే ఉంది. షో పోతే పోయింది. అద్దెకి ఇబ్బందైతే నాకు చెప్పు, అమ్మకి చెప్పనులే.

పచ్చడి సోమవారం పోస్టు చేస్తాను. అందగానే వీడియో కాల్ చెయ్యి, అన్నం తింటూ మాట్లాడుకుందాం. చెంచాతో కాదు, చేత్తో కలుపుకుని తిను. నేను చూడాలి.

నాన్న