పండుగ పూట సంగటి పెడితే తప్పేమిటి?

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో అచ్చయిన క్రిస్మస్ విందు పేజీని మా ఇంట్లో మూడు తరాల వాళ్లం కలిసి చదివాం. టర్కీ కోడి రోస్టు, మెదిపిన బంగాళాదుంప, క్రాన్‌బెర్రీ సాస్, చివర ప్లమ్ పుడ్డింగ్ వరుసగా ఇచ్చారు. బొమ్మలు కన్నులపండువగా ఉన్నాయి గాని, బెంగళూరులో ఏ తెలుగు క్రైస్తవ కుటుంబం ఈ భోజనం చేస్తుందో మాకు అంతుపట్టలేదు. లింగరాజపురంలో మా వీధిలో ఆరు తెలుగు ఇళ్లున్నాయి. ఆరాధన ముగించుకుని వచ్చాక ఆ ఆరిళ్లలోనూ బిర్యానీ మూతే లేస్తుంది. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే ఏటా అదే బిర్యానీ, కాదంటే పత్రికలు చూపించే టర్కీ, ఈ రెండే దారులన్నట్టు మాట్లాడుకోవడం నాకు నచ్చదు. మూడో దారి ఒకటి, రాగి సంగటి, నాటుకోడి పులుసుల దారి, మా ఇంట్లో నిరుడు పట్టి చూశాం. దాని గురించే ఈ ఉత్తరం.

ముందు టర్కీ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ ముచ్చటా తీర్చుకున్న తర్వాతే మాకు బుద్ధి వచ్చింది. అంతకు ముందటి ఏడాది పిల్లలు పట్టుబట్టడంతో మావారు ఒక పెద్ద హోటలుకు వారం ముందే డబ్బు కట్టి రోస్టు చెప్పి పెట్టారు. హోటలు పేరు ఎందుకులెండి. పన్నెండింటికి రావలసింది రెండున్నరకు వచ్చింది. రొమ్ము భాగం దూదిలా పొడిపొడిగా ఉంది, తొడ కోస్తే ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది. తప్పంతా వంటవాడిదని నేననను. నాలుగైదు కిలోల పక్షిని ముక్కలు చేయకుండా ఓవెన్‌లో పెట్టినప్పుడు కొవ్వు తక్కువగా ఉండే రొమ్ము మాంసం ముందే ఉడికి తేమ పోగొట్టుకుంటుంది, తొడ మాంసం మెత్తబడడానికి ఇంకా వేడి, ఇంకా సమయం కావాలి. గడ్డకట్టించి అమ్మే పక్షి అయితే ఫ్రిజ్‌లో ఉంచి మెల్లగా కరిగించడానికే రెండు రోజులు పడుతుంది. మనం కేకులు కాల్చుకునే చిన్న ఓవెన్‌లో అది పట్టనే పట్టదు. ఆ రోజు మా అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలి, మంచినీళ్లు తాగి, "ఊరగాయ జాడీ ఇట్లా తీయమ్మా" అన్నారు. పిల్లలు కూడా ఆమె వెనకే పెరుగన్నంలోకి దిగారు.

అసలు క్రిస్మస్ భోజనానికి టర్కీయే గుర్తు అనుకోవడానికి చరిత్రలో ఆధారమూ బలంగా లేదు. ఆ పక్షి అమెరికా ఖండానిది, 16వ శతాబ్దంలో గాని ఐరోపాకు చేరలేదు. ఇంగ్లండులో అది వచ్చాక కూడా చాలాకాలం పండుగ బల్ల మీద పెద్దబాతో గొడ్డుమాంసమో కనిపించేది. పోలండు వాళ్లు 24వ తేదీ సాయంత్రం ఆకాశంలో తొలి చుక్క పొడిచాక మాంసం లేని పన్నెండు రకాలతో భోజనానికి కూర్చుంటారు. డిసెంబరులో ఎండలు కాసే ఆస్ట్రేలియాలో చల్లటి రొయ్యలు తింటారు. క్రైస్తవులు బహు కొద్దిమంది ఉన్న జపానులోనైతే, 1974లో కెంటకీ ఫ్రైడ్ చికెన్ కంపెనీ మొదలుపెట్టిన ప్రచారం పుణ్యమా అని డబ్బాలో వచ్చే కోడి వేపుడే క్రిస్మస్ విందు అయి కూర్చుంది. ఫిలిప్పీన్స్‌లో డిసెంబరు 16 నుంచి తొమ్మిది రోజులు తెల్లవారుజామునే ఆరాధనకు వెళ్లే ఆచారం ఉంది. వచ్చేటప్పుడు చర్చి వాకిట్లోనే బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి అరిటాకు మీద కాల్చిన బిబింగ్కా కొనుక్కుని తింటారు.

వీటన్నిటిలో నాకు దగ్గరగా అనిపించింది ఇథియోపియా. అక్కడ క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. నలభై రోజులకు పైబడిన ఉపవాసం విడిచి, ఉడికించిన గుడ్లు వేసిన కారంకారం కోడి పులుసును, టెఫ్ అనే సన్న ధాన్యపు పిండిని పులియబెట్టి పోసిన పెద్ద అట్టుతో తింటారు. మన రాగులకు పుట్టిల్లు కూడా ఆ తూర్పు ఆఫ్రికా కొండనేలలే. అది తెలిసిన రోజున, మదనపల్లె వైపు పుట్టి పెరిగిన నాకు నాటుకోడి పులుసు, రాగి సంగటి పండుగ వంటలు ఎందుకు కాకూడదన్న ప్రశ్న పుట్టింది. దానికి తోడు డిసెంబరులో బెంగళూరుకు పిలవకుండా వచ్చే చుట్టం ఒకటుంది. అదే అనపకాయ.

అనపకాయ అనగానే కోస్తా పాఠకులు సొరకాయ అనుకునేరు. మా వైపు అనపకాయలంటే గింజల కోసం ఒలుచుకునే చిక్కుడు జాతి కాయలు. కన్నడిగులు అవరెకాయి అంటారు. చలి మొదలయ్యేసరికి మడివాళ మార్కెట్‌లో ఇవి గుట్టలుగా పడతాయి. మాగడి ఊరి కాయని చెప్పి అమ్మేవాళ్లు ఒక కాయ విరిచి ముక్కు దగ్గర పెట్టి మరీ చూపిస్తారు. మంచు పడిన కాయకు వచ్చే ఆ ఘాటైన వాసనను కన్నడంలో సొగడు అంటారు. అది ఒలిచిన వేళ్లకు అంటుకుంటే సబ్బుతో రుద్దినా పూటంతా వదలదు. ఈ కాయల పేరనే ప్రత్యేకంగా మేళా పెట్టి, దోసె మొదలు జిలేబీ దాకా అన్నీ వీటితోనే వండి అమ్మడం ఈ ఊరివాళ్లకు తెలియనిది కాదు. మేము 24వ తేదీ సాయంత్రం మూడు కిలోల కాయలు ఒలిచి, గింజలను రాత్రంతా నీళ్లలో నానబెట్టాం. తెల్లవారుజామున ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నొక్కితే తొక్క చేతిలో మిగిలి, పచ్చటి పప్పు గిన్నెలోకి ఎగిరి పడుతుంది. అలా పితికిన పప్పు కనుకనే దానికి పితికిపప్పు అని పేరు. అప్పటిదాకా ఫోన్‌లో మునిగి ఉన్న మా అబ్బాయి, పప్పు ఎవరిది ఎక్కువ దూరం ఎగురుతుందో చూద్దామని కూర్చుని సగం గిన్నె నింపాడు. మిగతా సగం సోఫా కింద దొరికింది.

కూర చేయడం కష్టమేమీ కాదు. ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు, పచ్చికొబ్బరి, రెండు లవంగాలు, చిన్న చెక్క ముక్క వేయించి నూరి, నూనెలో మగ్గనిచ్చి, పప్పు వేసి నీళ్లు పోస్తే పావుగంటలో ఉడికిపోతుంది. కలిపేటప్పుడు గరిటె గట్టిగా తిప్పితే పప్పు చితికిపోతుంది, ఆ ఒక్క జాగ్రత్త చాలు.

వంట కంటే మా అత్తగారిని ఒప్పించడం కష్టమైంది. సంగటి మాట ఎత్తగానే ఆమె ముఖం చిన్నబోయింది. "పండుగ పూట సంగటా? ఏడాది పొడుగునా సంగటే తిని, క్రిస్మస్‌కు ఒక్క పూట తెల్లన్నం వండితే ఆ వాసనకే నిద్ర లేచేవాళ్లం. అది తినలేకనే గదా ఊరు విడిచి వచ్చింది" అన్నారు. ఆమెకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రాగులు ఆరోగ్యమనీ, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందనీ మనం ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నాం. వరి అన్నం పండుగనాడు తప్ప ఎరగని రాయలసీమ పేద ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ మాటలు ఎట్లా వినిపిస్తాయో మనకు తట్టదు. పెద్ద హోటళ్లలో రాగి సంగటిని మట్టి మూకుళ్లలో పెట్టి వందల రూపాయలు తీసుకోవడం చూసినప్పుడు ఆమె నవ్వే నవ్వు నాకు తెలుసు. చివరికి మా అమ్మాయే, "బేత్లెహేము అంటే హీబ్రూలో రొట్టెల ఇల్లని పాస్టరుగారు చెప్పారు గదా నాయనమ్మా, బిర్యానీ ఇల్లని చెప్పలేదు" అని ఆమెను నవ్వించింది. సన్న బియ్యంతో అన్నం కూడా వండాలన్న షరతు మీద ఆమె ఒప్పుకున్నారు. ఆ రోజు నాటుకోడి పులుసు రెండుసార్లు వడ్డించుకున్నారు, పితికిపప్పు బాగుందన్నారు, సంగటి మాత్రం ముట్టుకోలేదు. ఈ ఏడూ ముట్టుకోరు. ముట్టుకోవాలని నేను అడగను కూడా.

బిర్యానీ దమ్ము కోసం తెల్లవారుజామున నాలుగింటికే లేచి, ఆరాధనలో కునికిపాట్లు పడే ఆడవాళ్లకు ఈ విందులో ఉన్న సుఖం చెప్పాలి. కోడి పులుసుకు మసాలా ముందురోజే నూరి పెట్టుకోవచ్చు. నాటుకోడి ముదురుగా ఉంటుంది. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల ఇక్కడ నీళ్లు వంద డిగ్రీల కంటే కాస్త తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి, మామూలు గిన్నెలో ఉడికిస్తే ఓపిక నశిస్తుంది. కుక్కరే మేలు. పొద్దున్నే ఉడికించి మూతపెట్టి వెళితే, వచ్చేసరికి ముక్కకు పులుసు బాగా పట్టి ఉంటుంది. ఇంటికి వచ్చాక చేయవలసింది సంగటి ఒక్కటే. గ్లాసు బియ్యం బాగా నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, గ్లాసున్నర రాగిపిండిని కలపకుండా మధ్యలో గుట్టగా పోసి, సంగటి కట్టెతో నడుమ ఒక రంధ్రం చేసి, సన్నని సెగ మీద పది నిమిషాలు మూతపెట్టి, ఆ తర్వాత ఉండలు కట్టకుండా గెలకాలి. ఆ గెలికే పని మా ఇంట్లో మావారిది. పిండికి బలం కావాలి గదా అన్న వంకతో దాన్ని ఆయనకు అప్పగించాను.

ఇంకొక లాభం మేము ముందుగా ఊహించనిది. పైఅంతస్తులో ఉండే కన్నడ కుటుంబం మాంసం తినదు. ఏటా వాళ్లకు కేకు ముక్క పంపేవాళ్లం, అందులో గుడ్డు ఉంటుందని తెలిసి అది ఎవరికిచ్చేవారో ఏమో. నిరుడు కోడి కోయించి తేకముందే, వేరే గిన్నెలో, ఉల్లి వెల్లుల్లి లేకుండా పితికిపప్పు వండి పంపాను. వాళ్లకది హితకబేళె సారు, చిన్నప్పటి నుంచి తెలిసిన రుచి. సాయంత్రానికి మా గిన్నె నిండా అనప గింజలు వేసి కాల్చిన అక్కి రొట్టెలు, అంటే బియ్యప్పిండి రొట్టెలు వచ్చాయి.

తీపి విషయంలో కొత్తగా వెతకవలసింది లేదు. ఫ్రేజర్ టౌన్ బేకరీల ముందు జనం బారులు తీరి కొనే కుల్‌కుల్స్ మన గవ్వలే, రోజ్ కుకీలు మన గులాబీ పువ్వులే. గోవా వాళ్ల నెవ్రీలు విప్పి చూస్తే కజ్జికాయలు. కేకు మాత్రం మేమూ కొంటాం, పిల్లలు ఊరుకోరు.

కనుక మీకు నా మనవి ఒకటే. వచ్చే ఆదివారం అనుబంధంలో, టర్కీకి ఇచ్చిన చోటులో కనీసం సగమైనా, బెంగళూరు, హోసూరు, కోలారు ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఈ పండుగకు నిజంగా వండుకునే వంటలను పాఠకుల చేతనే రాయించి వేయండి. బొమ్మ కావాలంటే, వేళ్లకు పసరు అంటిన చేతులు, పక్కన తొక్కల కుప్ప, మధ్యలో పితికిపప్పు గిన్నె తీసి పంపడానికి మా అబ్బాయి సిద్ధంగా ఉన్నాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
లింగరాజపురం, బెంగళూరు